గ్రౌండ్ పైసలు ఎవరు తిన్నరు?

బిచ్కుంద బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ పది నిమిషాలు కూర్చుంటే చాలు, చుట్టుపక్కల ఏదో ఒక ఊరి మాజీ సర్పంచ్ కథ చెవిన పడుతుంది. పేరు మారుతుంది గానీ కథ ఒక్కటే. "క్రీడా ప్రాంగణం శాంక్షన్ అయింది, పైసలొచ్చినయ్, బోర్డు పాతిండు, మిగిలింది జేబులేసుకున్నడు." 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికలప్పుడు ఈ మాట ఇల్లిల్లూ తిరిగింది. ఎన్నికలైపోయినా మాట పోలేదు. మొన్నొక పెళ్లిలో, ఐదేళ్లు సర్పంచ్‌గా చేసినాయన భోజనానికి కూర్చోగానే పక్కనున్న పిలగాడు "గ్రౌండ్ మింగినోనికి మళ్ల బువ్వెందుకే" అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మొరం తోలిన ట్రాక్టర్ల కిరాయి ఆయన మెడ మీద ఇంకా ఉన్న సంగతి ఆ పిలగాడికి తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

ముందు ఈ 'శాంక్షన్' సంగతి తేల్చాలి. బ్యాంకువాళ్లు లోను శాంక్షన్ చేస్తే పైసలు ఖాతాలో పడతాయి గనక సర్కారు శాంక్షనూ అట్లాంటిదే అనుకుంటాం. కానే కాదు. ఈ పని చేసుకోవచ్చు, అయినాక ఇంతవరకు బిల్లు పెట్టుకోవచ్చు అని చెప్పే కాగితం అది. ముందు పని జరగాలి. తర్వాత కొలతలు తీయాలి, వాటిని మెజర్‌మెంట్ బుక్‌లో ఎక్కించాలి, పై అధికారి తనిఖీ చేయాలి, అప్పుడు బిల్లు. పైసల వంతు అన్నిటికన్నా చివర. ఈ మెట్లలో కాగితం ఎక్కడైనా కూర్చుండిపోవచ్చు. ఏళ్ల తరబడి కూర్చుంది కూడా.

2022 జూన్ 2న, తెలంగాణ రాష్ట్ర అవతరణ దినం నాడు మొదలైంది ఈ క్రీడా ప్రాంగణాల పథకం. అర ఎకరం నుంచి ఎకరం జాగా, అందులో వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, లాంగ్‌జంప్ గుంత, కసరత్తుకు ఇనుప బార్లు, ముందర పెద్ద బోర్డు. రాష్ట్రంలో పంచాయతీలు 12 వేలకు పైమాటే. ఖర్చులో పెద్ద వాటా ఉపాధి హామీ మీద వేశారు. ఉపాధి హామీలో కూలి సర్పంచ్ చేతికి రాదు, నేరుగా కూలీల ఖాతాలోకే పోతుంది. అప్పటి నిబంధనలో మెటీరియల్ ఖర్చు 40 శాతం దాటకూడదు, అందులో నాలుగింట మూడు వంతులు కేంద్రానిది, ఒక వంతు రాష్ట్రానిది. ఇద్దరివీ కలిస్తే తప్ప బిల్లు కదిలేది కాదు. కూలి ఆలస్యంగానైనా వచ్చేది. మెటీరియల్ బిల్లు అని అడిగితే ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ తల కూడా ఎత్తేవాడు కాదు.

ఇక మన నేల నల్లరేగడి. ఒక్క వాన పడితే చెప్పు అందులోనే ఉండిపోతుంది, కాలు మాత్రం పైకొస్తుంది. ఇట్లాంటి చోట కబడ్డీ కోర్టు గీయాలంటే ముందు మొరం తోలాలి, జేసీబీతో చదును చేయాలి, రోలర్ తిప్పాలి. ఎస్టిమేట్ కాగితం చూపిస్తే బంకులో డీజిల్ పోయరు. అందుకని సర్పంచ్ వడ్డీకి తెచ్చాడు, భార్య బంగారం కుదువపెట్టాడు. కాదనొచ్చు కదా అంటారు. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్ చేతిలో పెట్టింది. పల్లె ప్రకృతి వనం, వైకుంఠధామం, డంపింగ్ యార్డు, ఆ వెనకే గ్రౌండు, ప్రతిదానికీ గడువే. గడువు దాటితే నోటీసు. పోనీ ఊరి ఖాతా ఆయన ఇష్టమా అంటే అదీ లేదు. చెక్కు మీద ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలి. రెండు సంతకాలతో పంపిన చెక్కులు కూడా ట్రెజరీలో ఆగేవి.

2024 జనవరి నెలాఖరుతో వాళ్ల పదవీకాలం అయిపోయింది, పంచాయతీల్లోకి ప్రత్యేకాధికారులు వచ్చారు. పెండింగ్ బిల్లుల కోసం మాజీ సర్పంచులు హైదరాబాద్ దాకా పోయారు, పోలీసు స్టేషన్లలో కూర్చున్నారు. ఇప్పటి సర్కారు అది వెనకటోళ్ల బాకీ అంటుంది. వెనకటోళ్లు మీరెందుకు కట్టరని అడుగుతారు. బాకీ ఉందని ఇద్దరూ ఒప్పుకున్నట్టే కదా! రాని పైసలు సర్పంచ్ ఎట్లా తిన్నాడో చాయ్ దగ్గరి ఆడిటర్లు చెప్పాలి.

అయితే ఒకటి ఒప్పుకోక తప్పదు, నాకు ఇష్టం లేకపోయినా. బోర్డు తప్ప ఏమీ లేని ప్రాంగణాలు ఉన్నాయి. శ్మశానం పక్కన, గుట్ట వాలులో, పిల్లలు నడిచి పోలేనంత దూరంలో గేటు నిలబెట్టి ఫొటో దిగినవి. చేయని పనికి కొలతలు ఎక్కించి బిల్లు ఎత్తిన చోట తిన్నది తిన్నట్టే. కానీ అది ఒక్క సంతకంతో అయ్యే పని కాదు. ఎస్టిమేట్ వేసినవారు, కొలిచినవారు, తనిఖీ చేసినవారు ఉన్నారు. తిట్టేటప్పుడు వాళ్ల పేర్లు గుర్తురావు, సర్పంచ్ ఒక్కడే గుర్తొస్తాడు. ఊళ్లో దొరికేది ఆయనే మరి.

ఆటస్థలాల మీద మనకున్న మిగతా నమ్మకాలకు ఒక్కో మాట చాలు. ఉప్పల్ స్టేడియం సర్కారుది అంటారు. భూమి సర్కారు లీజుకిచ్చింది, నడిపేది హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్. 2024 ఏప్రిల్‌లో ఐపీఎల్ మ్యాచ్‌కు ముందు రోజు, కోటిన్నరకు పైగా బకాయి ఉందని విద్యుత్ సంస్థ అక్కడ కరెంటు తీసేసింది. స్టేడియం వస్తే పక్క ప్లాట్లు బంగారమవుతాయని అప్పు తెచ్చి కొనేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, బ్రోకర్ అన్నీ చెప్పే ఉంటాడు. పెద్ద ఆటలు తెస్తే పెట్టిన పైసలు తిరిగొస్తాయనే మాటకు కెనడాలోని మాంట్రియల్‌ను చూడండి. 1976 ఒలింపిక్స్ స్టేడియం అప్పు 2006లో తీరింది. ఆ ముప్పై ఏళ్లూ అక్కడ సిగరెట్ కాల్చినవాళ్లు పన్ను రూపంలో దాన్ని కట్టారు. మన గచ్చిబౌలిలో, 2002 జాతీయ క్రీడలకూ 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలకూ సిద్ధమైన ప్రాంగణంలో, 14 అంతస్తుల టవర్ ఒకటుంది. 2020లో అది కొవిడ్ ఆసుపత్రి అయింది. ఆట తప్ప అన్నిటికీ పనికొచ్చింది.

అప్పు చేసి కట్టడమే తప్పని మాత్రం నేననను. బ్యాడ్మింటన్ ఆటగాడు గోపీచంద్‌కు 2003లో సర్కారు గచ్చిబౌలిలో ఐదెకరాలు ఇచ్చింది, అకాడమీ కట్టడానికి ఆయన సొంతిల్లు తాకట్టు పెట్టాడు. సైనా, సింధు అక్కడ తయారయ్యారు. ఇల్లు తాకట్టు పెట్టినవాడు తెల్లారకముందే కోర్టులో ఉన్నాడు, అదీ తేడా. మన దగ్గర గ్రౌండు కోసం బంగారం తాకట్టు పోయింది, కోర్టులో పల్లేరు మొలిచింది. జాతర కుస్తీలకు మాత్రం మనకు ఏ శాంక్షనూ అక్కర్లేదు. నేల తవ్వి మెత్తగా చేసి, కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెట్టి వెండి కడెం దాకా పోతాం, పొద్దుగూకేసరికి లెక్కలన్నీ తేలిపోతాయి.

కొత్త సర్పంచులకు చెప్పేది ఇది. చేసిన పని కొలత పుస్తకంలో ఎక్కేదాకా తర్వాతి పనికి సొంత పైసలు పెట్టకండి. పై నుంచి ఫోన్ చేసి ఒత్తిడి పెడితే, అదే మాట కాగితం మీద రాసిమ్మని అడగండి. సగం ఫోన్లు అక్కడే ఆగిపోతాయి. పెళ్లి భోజనం దగ్గర లెక్కలడిగే పిలగాళ్లు ఆ లెక్కలు ఆఫీసులో అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుమే లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. చాయ్ కన్నా చౌక. మీ ఊరి గ్రౌండు పనికి కొలత ఎంత రాశారు, బిల్లు ఎంత పాసైంది, పైసలు ఏ తేదీన ఎవరి ఖాతాలో పడ్డాయి, ఈ మూడూ అడగండి. ఉపాధి హామీ సామాజిక తనిఖీ గ్రామసభ పెట్టినప్పుడు ఆ కాగితం పట్టుకుని ముందు వరుసలో కూర్చోండి. లెక్కలో సర్పంచ్ దొంగైతే సభలో అందరి ముందు చెప్పండి. ఆయనకు రావాల్సిందే ఉంటే, పెళ్లిలో అన్న మాటను కూడా అక్కడే వెనక్కి తీసుకోండి.