కొత్త ట్రాలీయా... పాత ట్రాలీయా?

వడ్ల పైసలు బ్యాంకులో పడగానే ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద వినిపించే ముచ్చట ఇది.

'బాపూ, ఈసారి ట్రాలీ కొందామే. ఎన్నేండ్లని కిరాయి బండికి ఎదురుచూసుడు?'

'కొందాం బిడ్డా. కని కొత్తదెందుకు? కామారెడ్డిల పాతది మంచిది దొరుకుతదట. సగం పైసలల్ల అయితది.'

'పాతది తెస్తే మెకానిక్‌ను సాదుడే అయితది.'

ఇంతలో వంటింట్లోంచి మరో గొంతు. 'ఏదన్న కొనుండ్రి. కిస్తీ మాత్రం నా పుస్తెలతాడు మీదికి రావొద్దు.'

ముగ్గురి మాటా నిజమే. కొత్త బండికి కిస్తీ భయం, పాత బండికి రిపేరు భయం. అయితే బండి కొని దెబ్బతిన్న ఇళ్లను చూస్తే చాలాచోట్ల అసలు తప్పు కొత్త పాతల దగ్గర జరగదు. బండితో ఏం పని, ఎన్ని రోజుల పని అన్న లెక్క వేసుకోకపోవడం ఒకటి. కాగితాలు చూసుకోకపోవడం రెండోది.

ఒకప్పుడు పల్లె ఇంటికి సొంత సరుకుల బండి అంటే ఎడ్లబండే. తర్వాత ట్రాక్టర్ వచ్చింది. 2005లో టాటా ఏస్ వచ్చాక కథ మారింది. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిను, నాలుగు చక్రాలు, ఇరుకు సందులోనూ తిరిగే సైజు... చిన్న రైతుకూ, కూరగాయల వ్యాపారికీ సొంత బండి అందుబాటులోకి వచ్చింది. ఉత్తరాదిలో 'చోటా హాథీ' అన్నారు. మన దగ్గర ట్రాలీ అయింది. ఇంకాస్త పెద్ద లోడు కావాలన్నవాళ్లు బొలెరో పికప్‌ వైపు వెళ్లారు.

ముందు పని లెక్క

ముప్పావు టన్ను మోసే చిన్న ట్రాలీలో 40 కిలోల వడ్ల బస్తాలు 18 పడతాయి. ఎకరాకు 25 క్వింటాళ్ల దిగుబడి అనుకుంటే 62 బస్తాలు దాటుతాయి. అంటే ఒక్క ఎకరం వడ్లు కాంటాకు చేరాలంటే నాలుగు ట్రిప్పులు. అదే టన్నున్నర మోసే పికప్ అయితే రెండు ట్రిప్పులు. ఇంట్లో ట్రాక్టర్ ఉంటే వడ్ల కోసం ట్రాలీ కొనడమే దండగ.

అదే కూరగాయలు పండిస్తుంటే? రోజూ పాలు పోస్తుంటే? కామారెడ్డి నుంచి కిరాణా సరుకు తెచ్చి ఊళ్లో అమ్ముతుంటే? బెల్లం, మక్కలు, సోయా ఒకదాని తర్వాత ఒకటి మార్కెట్‌కు వెళ్తుంటే? అప్పుడు బండికి ఏడాది పొడవునా పని ఉన్నట్టే.

అందుకే కొనేముందు పోయిన ఏడాది ఎన్నిసార్లు కిరాయి బండి పిలిచారో ఓ కాగితం మీద రాసుకోండి. దేనికి పిలిచారు, ఎంత ఇచ్చారు అన్నదీ పక్కన రాయండి. షోరూంకు వెళ్లేముందు చేయాల్సిన మొదటి పని ఇదే.

సగం అప్పు... సగం కిస్తీ కాదు!

ఇప్పుడు అప్పు సంగతి. ఉదాహరణకు కొత్త బండికి 4 లక్షల రూపాయలు అప్పు తీసుకున్నారనుకుందాం. 10 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు. నెలకు కిస్తీ దాదాపు 8,500 రూపాయలు. మొత్తం వడ్డీ లక్షా పది వేలు.

పాత బండికి 2 లక్షలే తీసుకున్నారనుకుందాం. పాత వాటికి సాధారణంగా వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. 18 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుంటే కిస్తీ సుమారు 7,230 రూపాయలు. అప్పు సగమే అయినా నెలనెలా మిగిలేది 1,270 రూపాయలే! టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేట్ల ఖర్చు ముందు ఆ మిగులు ఏ మూలకు?

అయితే పాత బండికి ఓ సుగుణం ఉంది. మూడేళ్లకు అప్పు తీరిపోతుంది. కొత్తదానికి ఇంకా రెండేళ్లు కట్టాలి. చేతిలో నగదు ఉండి, అప్పు లేకుండా కొనేవాళ్లకు పాత బండే లాభం కావచ్చు. అప్పు చేసి పాత బండి కొనేవాళ్లే రెండుసార్లు ఆలోచించాలి.

ఇప్పుడు ఇందాకటి కాగితం బయటికి తీయండి. నెలకు 8,500 అంటే ఏడాదికి లక్షా రెండు వేలు. మీ ఊళ్లో ట్రిప్పుకు 1,200 రూపాయల కిరాయి అనుకుంటే, 85 ట్రిప్పుల డబ్బు కిస్తీకే పోతుంది. డీజిల్, ఇన్సూరెన్స్, డ్రైవర్ జీతం దీనికి అదనం. మీ కాగితం మీద ముప్పయి ట్రిప్పులే ఉన్నాయా? అయితే కొత్తదీ వద్దు, పాతదీ వద్దు. కిరాయి బండే చవక.

ధరల్లో వచ్చిన ఓ మార్పునూ గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు జూన్‌లో వచ్చిన టాటా ఏస్ ప్రో అప్పటి ఎక్స్‌షోరూం ధర 3.99 లక్షల నుంచి మొదలైంది. కొత్త బండి ధర దిగినప్పుడు పాతదాని ధరా దిగాలి. అమ్మేవాళ్లు మాత్రం పన్ను తగ్గకముందు కొన్న ధర చూపించి బేరం మొదలుపెడతారు. అందుకే ముందు కొత్త బండి ధర రాయించుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని పాత బండి దగ్గరికి వెళ్లండి.

నంబరు ప్లేటు చెప్పే వయసు

బండి వయసు తెలియాలంటే మొదట నంబరు ప్లేటు చూడాలి. 'ఏపీ 25' అని ఉంటే అది ఉమ్మడి రాష్ట్రంలో నిజామాబాద్ జిల్లాలో రిజిస్టరైన బండి. 2014 జూన్ కంటే పాతది. 'టీఎస్ 16' అంటే తెలంగాణ వచ్చాక నిజామాబాద్‌లో రిజిస్టరైంది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక 'టీఎస్ 17' వచ్చింది. 2024 మార్చి నుంచి 'టీఎస్' పోయి 'టీజీ' అయింది. ప్లేటు అంచనాకే. కచ్చితమైన తేదీ ఆర్సీలో ఉంటుంది.

వయసుతోపాటు ఖర్చూ పెరుగుతుంది. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకూ రెండేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయిస్తే చాలు. ఆ తర్వాత ఏటా చేయించాల్సిందే. బండి ముదిరేకొద్దీ ఫీజూ ఎక్కువే. ఏడేళ్ల బండి చవగ్గా వస్తోందంటే ఆ ఎనిమిదో ఏడు దగ్గర్లోనే ఉందని గుర్తుంచుకోవాలి.

2020 ఏప్రిల్ తర్వాతి బండ్లు బీఎస్-6 ప్రమాణాలవి. పొగ తక్కువ, సెన్సర్లు ఎక్కువ. చెడితే ఊరి మెకానిక్ పానా పట్టుకుంటే సరిపోదు, కంప్యూటర్ పెట్టి చూడాలి. దగ్గర్లో ఆ సదుపాయం ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

నీళ్లలో మునిగిన బండ్లు

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లా చూసిన వాన తెలిసిందే. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్కరోజే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి. కార్లు కొట్టుకుపోయాయి. అలా మునిగిన బండ్లకు పైన కడిగి, రంగేస్తే తేడా కనిపించదు. లోపల వైర్లు మాత్రం మెల్లగా చిలుము పడుతుంటాయి.

సీటు కింద రేకు, డోరు రబ్బరు వెనక, ఫ్యూజుల పెట్టె మూలల్లో ఎండిన బురద ఉందేమో చూడండి. క్యాబిన్‌లో ముక్క వాసన వస్తోందా? సీటు బోల్టులకు తుప్పు పట్టిందా? అయితే వెనక్కి తిరగండి.

ఇంజిను పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉందంటే అనుమానించాల్సిందే. వెనక కమాన్ పట్టీలు ఒకవైపు కుంగినా, చాసిస్ మీద కొత్త వెల్డింగ్ కనిపించినా ఆ బండి ఓవర్‌లోడుతో నలిగిందనే అర్థం. ఖాళీ బండి నడిపి చూసి మురిసిపోవద్దు. లోడు వేసి, ఎత్తు ఎక్కించి చూడాలి.

పేరు మారకపోతే ఇద్దరికీ ముప్పే

'పైసలిచ్చినం, బండి తెచ్చుకున్నం. పేరు తర్వాత మార్చుకుందాం తీ...' చాలా ఇళ్లలో మాట ఇదే. అమ్మినవారికి ఎంత ప్రమాదమో తెలుసా? రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బండి నాలుగు చేతులు మారినా సరే!

కొన్నవారికీ చిక్కే. బండి మీద పాత ఫైనాన్స్ బాకీ ఉంటే కంపెనీవాళ్లు వచ్చి తీసుకెళ్తారు. కాబట్టి 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు, ఫైనాన్స్ తీరినట్టు ఎన్‌వోసీతోపాటు 35వ నంబరు ఫారం తీసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వాలి. ఇన్సూరెన్స్‌ను మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. పెండింగ్ చలాన్లు పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

బండి, లోడు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించకపోతే పర్మిట్ అక్కర్లేదు. ఆ అంకె ఆర్సీలో ఉంటుంది. ఇక లైసెన్సు విషయానికొస్తే, కారు లైసెన్సుతోనే 7,500 కిలోలలోపు రవాణా బండి నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది.

సరుకుల బండిలో మనుషులా?

బండి ఇంటికొచ్చాక అడిగేవాళ్లు మొదలవుతారు. 'పెండ్లికి పోవాలె, ట్రాలీ తోలు తమ్మీ.' కాదనలేం. చుట్టాలాయె. ఇక్కడే ఆగి ఆలోచించాలి.

2022 మే 8. ఎల్లారెడ్డిలో బంధువుల ఇంట కార్యానికి వెళ్లి, పిట్లం మండలం చిల్లర్గికి ట్రాలీలో తిరిగొస్తున్నారు. నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర లారీని ఢీకొంది. 9 మంది చనిపోయారు. ఆ ట్రాలీ కొత్తదైనా, పాతదైనా వెనక కూర్చున్నవాళ్లకు సీటు ఉండదు, బెల్టు ఉండదు, పైన కప్పు ఉండదు.

ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోవద్దు. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సరుకుతోపాటు వెళ్లే యజమానికీ, అతని మనిషికీ మాత్రమే రక్షణ. మిగతావాళ్లకేమైనా అయితే పరిహారం భారం బండి యజమాని మీద, అంటే ఆ ఇంటి పొలం మీద పడుతుంది.

ఇంటిల్లిపాదీ వెళ్లాలి, సరుకూ తేవాలి అనుకుంటే అయిదు సీట్లతో, వెనక సరుకుల తొట్టితో వచ్చే బొలెరో క్యాంపర్‌లాంటి బండ్లు చూడాలి. ధర ఎక్కువే. ఏడాదికి నాలుగు పెళ్లిళ్లే అయితే ఆ నాలుగు రోజులకూ జీపు కిరాయికి తీసుకుంటే సరి.

మళ్లీ అరుగు దగ్గరికి వద్దాం. ఏడాదంతా పనుండి, పంట పంటకూ కిస్తీ కట్టగలిగితే కొడుకు మాట వినండి... కొత్తది కొనండి. చేతిలో నగదు ఉండి, నమ్మకమైన మెకానిక్ తోడుంటే తండ్రి మాట వినండి... ఎనిమిదేళ్లలోపు పాత బండి, పేరు మార్పించుకుని తెచ్చుకోండి. రెండూ కాకపోతే వంటింటి మాట వినండి. పుస్తెలతాడు మెడలోనే ఉంటుంది, కిరాయి బండి ఫోన్ చేస్తే వస్తుంది.