కొత్త కారుకు పెయింట్ పెచ్చు ఊడిందా? ప్యానెల్ మొత్తం రంగు వేయించక్కర్లేదు

కోల్‌కతాకు హుగ్లీ నది అవతల, హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు వెళ్లే లైనులో మొదటి స్టేషన్ టికియాపారా. ఒకపక్క రైల్వే కార్‌షెడ్, మరోపక్క బెలిలియస్ రోడ్డు లేత్ వర్క్‌షాపులు. సరకు లారీలు తిరిగే ఇలాంటి చోట టైరు కింద నుంచి ఎగిరిన చిన్న రాయి చాలు, కొత్త కారు బానెట్‌పై బియ్యపు గింజంత పెచ్చు ఊడిపోతుంది. లక్షలు పోసి కొన్న కారు కాబట్టి ప్యానెల్ మొత్తానికి రంగు వేయించాలనిపిస్తుంది. కానీ చాలాసార్లు అది అనవసరం.

ముందు లోతు చూడాలి

కారు రేకుపై తుప్పు నిరోధక పూత, ప్రైమర్, రంగు, పైన పారదర్శకమైన క్లియర్‌కోట్ ఉంటాయి. అన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. గుంతలో రంగు లేదా ప్రైమర్ కనిపిస్తుంటే కంగారు లేదు. మెరిసే లోహం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. బెంగాల్ తేమకు అక్కడి నుంచే తుప్పు మొదలై, రంగు కిందకు పాకుతుంది. ప్లాస్టిక్ బంపర్‌కు ఈ భయం లేదు.

గుంత లేకుండా నారింజ రంగు చుక్కలు కనిపిస్తే అవి పెచ్చులు కాకపోవచ్చు. రైలు పట్టాలు, లోహపు పనులు ఉన్నచోట గాలిలోని ఇనుప రేణువులు రంగుకు అంటుకుని తుప్పు పడతాయి. వాటికి ఐరన్ రిమూవర్ సరిపోతుంది.

ఫ్యాక్టరీ రంగు ఎందుకు కాపాడుకోవాలి?

ఫ్యాక్టరీలో వైర్లు, ప్లాస్టిక్ భాగాలు బిగించకముందే బాడీని సుమారు 140 డిగ్రీల వేడిలో ఆరబెడతారు. వర్క్‌షాపులో అంత వేడి పెట్టలేరు, సాధారణంగా 60 డిగ్రీల దగ్గరే ఆపుతారు. పైగా మళ్లీ రంగు వేసిన ప్యానెల్‌ను మందం కొలిచే మీటరు పట్టేస్తుంది. కారు అమ్మేటప్పుడు ప్రమాదం జరిగిందేమోనన్న అనుమానం వస్తుంది.

టచప్ ఎలా?

డోర్ పిల్లర్ దగ్గరో, ఇంజిన్ గదిలోనో ఉండే స్టిక్కర్‌పై రంగు కోడ్ చూసి, అదే కోడ్ టచప్ పెయింట్ తీసుకోవాలి. చోటును కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. తుప్పు ఉంటే సన్నని ఎమరీ పేపర్‌తో తీసేయాలి. లోహం కనిపిస్తే ముందు ప్రైమర్ పెట్టాలి. తర్వాత టూత్‌పిక్ మొనతో రంగును గుంతలోనే, పలుచగా రెండు మూడు పొరలుగా నింపాలి. ఒక్కో పొర ఆరనివ్వాలి. చివర క్లియర్‌కోట్. వానలో, మండుటెండలో ఈ పని వద్దు. దగ్గరగా చూస్తే మచ్చ కనిపించవచ్చు. కానీ తుప్పు ఆగుతుంది.

క్లెయిమ్ చేస్తే లాభమా?

తప్పనిసరిగా సొంతంగా భరించాల్సిన మొత్తం 1500 సీసీ వరకు కార్లకు రూ.1,000, ఆపైన రూ.2,000. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే సొంత నష్టం ప్రీమియంపై 20 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఒక్క చిన్న పెచ్చు కోసం క్లెయిమ్ చేస్తే అదీ పోతుంది.

డెలివరీ నాడే పెచ్చు కనిపిస్తే సంగతి వేరు. సంతకం పెట్టకముందే పగటి వెలుగులో చూసి, ఫొటో తీసి, డెలివరీ పత్రంపై రాయించాలి. డీలర్ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. షోరూమ్ దాటాక తగిలే రాళ్ల దెబ్బలకు సాధారణంగా వారంటీ వర్తించదు.