ఏడు వానాకాలాలు... ఒక్క వజ్రమూ లేదు

మా ఓపీకి మూడు నెలలకోసారి వచ్చే రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఉన్నారు. ఊరు ఆమదాలవలస వైపు. వయసు 68. పన్నెండేళ్లుగా షుగర్. రక్తపరీక్ష రిపోర్టుతో పాటు ప్రతిసారీ జేబులోంచి ఒక రాయి తీసి నా బల్ల మీద పెడతారు. ‘ఇదేటో చెప్పండి చూద్దాం డాక్టర్ బాబూ’ అంటారు. కిడ్నీలో రాళ్లు, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తప్ప నాకు మరో రాయి తెలియదు. నేను తెల్లమొహం వేస్తే ఆయనే చెబుతారు... ఇది పలుగురాయి, ఇది గార్నెట్, ఇది మన నాగావళి ఇసుకలో మెరిసే కాకిబంగారం అని.

జూన్ వచ్చిందంటే మాస్టారు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తారు. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో జనం తలలు వంచుకుని నడుస్తుంటారు కదా, వాళ్లలో ఒకరైపోతారు. వాన నీటికి పైమట్టి కొట్టుకుపోతే అడుగునున్న రాళ్లు బయటపడతాయి. వాటిలో ఎప్పుడైనా ఒకటి వజ్రం కావచ్చు. ఇది వట్టి పుకారేమీ కాదు. వజ్రాలను భూగర్భం నుంచి పైకి మోసుకొచ్చే కింబర్లైట్ శిలలు వజ్రకరూరు చుట్టుపక్కల ఉన్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. జొన్నగిరి నేలలో బంగారు నిక్షేపాలూ ఉన్నాయి.

మాస్టారు ఇప్పటికి ఏడు వానాకాలాలు వెళ్లొచ్చారు. ఏమీ దొరకలేదు.

ఒకరోజు ఆయన భార్య కూడా వచ్చారు. ‘ఏటి బాబూ, రిటైరైన కాడ్నుంచీ ఈ రాళ్ల పిచ్చే. ఏడేళ్లయింది. ముక్కుపుడకలో పెట్టుకోడానికి ఒక్క తళుకైనా దొరకనేదు. దీనికేదైనా మందుంటే రాసీండి’ అన్నారు. మాస్టారు నవ్వుతూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

నేను మందు రాయలేదు. నాలుగు ప్రశ్నలడిగాను. అప్పు చేశారా? రాత్రి నిద్ర పడుతోందా? వస్తానన్న రోజుకి ఇంటికి వస్తున్నారా? ఎంత ఖర్చవుతోందో మీకు నిజం చెబుతున్నారా? అన్నింటికీ ఆమె ఇచ్చిన జవాబులు బాగానే ఉన్నాయి. ఏడాదికి ఇంత అని ఒక కవరులో పెట్టుకుంటారట. అది అయిపోతే తిరుగు ప్రయాణమే. పైగా మిగతా పదకొండు నెలలూ సాధన పేరుతో రోజూ పొద్దున్నే నాగావళి ఒడ్డున గంటసేపు రాళ్లు చూసుకుంటూ నడుస్తారు. వారానికి కనీసం 150 నిమిషాలు నడవమని మేం గొంతు చించుకుంటాం. వినేవాళ్లు తక్కువ. ఈయన్ని నడిపిస్తున్నది నా సలహా కాదు, దొరకని వజ్రం.

ఖాళీ చేతులతో మళ్లీ ఎందుకు వెళ్తారు?

దొరక్కపోయినా మనిషి ఎందుకు వెతుకుతాడన్నది పాత ప్రశ్నే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల మీద చాలా ప్రయోగాలు చేశారు. మీట నొక్కినప్పుడల్లా గింజలు వచ్చే పావురం, గింజలు ఆగిపోగానే నొక్కడం మానేస్తుంది. ఎప్పుడొస్తాయో తెలియకుండా అప్పుడప్పుడూ గింజలు పడ్డ పావురం మాత్రం, అవి పూర్తిగా ఆగిపోయినా చాలాసేపు నొక్కుతూనే ఉంటుంది. గాలం వేసి చెరువు గట్టున కూర్చున్న మన చిన్నాన్నదీ అదే కథ.

మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంది. దాన్ని ఆనందానికి సంబంధించిన రసాయనమని పత్రికల్లో రాసేస్తుంటారు కానీ, దాని ముఖ్యమైన పని ఆశకి, ఎదురుచూపుకి సంబంధించింది. వూల్ఫ్రాం షుల్జ్ బృందం కోతుల మీద చేసి 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఒక విచిత్రం కనిపించింది. బహుమతి తప్పకుండా వస్తుందని తెలిసినప్పటి కంటే, రావచ్చు రాకపోవచ్చు అని సగం సగంగా ఉన్నప్పుడే ఎదురుచూసే ఆ కాసేపూ డోపమైన్ కణాల చురుకు ఎక్కువగా ఉంది. ‘ఏమో, ఈ రాయి కిందే ఉందేమో’ అన్న ‘ఏమో’లోనే మత్తంతా ఉంది. ఉప్పాడ తీరంలో తుపాను వెళ్లిన మర్నాడు ఇసుకలో బంగారు రేణువుల కోసం వెతికే వాళ్లను టీవీలో చూసే ఉంటారు. వాళ్లది పేదరికమూ కావచ్చు, ఈ ‘ఏమో’ కూడా కావచ్చు.

దీనికి మేం పత్రికల వాళ్లం కూడా తోడవుతాం. (వారానికోసారి రాసే నన్నూ కలుపుకొనే అంటున్నాను.) పొలంలో రైతుకు వజ్రం దొరికి లక్షలు వచ్చాయంటే వార్త. ఆ రోజే అదే మండలంలో ఎందరో ఉత్త చేతులతో ఇంటికి పోయారంటే అది వార్త కాదు. అందుకే చదివేవాళ్లకి అవకాశం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.

అసలు ప్రమాదం ‘దాదాపు’తోనే

ఏమీ దొరక్కపోవడం మాస్టారిని ఎప్పుడూ కుంగదీయలేదు. ఆయన్ని కుదిపేసింది, దాదాపు దొరికిన రోజు.

నాలుగో ఏడాది. జొన్నగిరి దగ్గర ఒక చేను గట్టు. బఠాణీ గింజంత రాయి, పలకలు తేలి, నీళ్లలో కడిగితే కాంతి చిమ్ముతోంది. తుండుగుడ్డ కొసన ముడేసి బొడ్లో దోపుకున్నారు. ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు చూపిస్తే ‘పలుగే మాస్టారూ. కానీ ఇలాంటిది పడిన చోట అసలుది కూడా ఉంటుంది, ఇంకో పది రోజులు చూడండి’ అన్నాడట వ్యాపారి. కవరులో డబ్బులు అయిపోయాయి. వేలికున్న ఉంగరం తాకట్టు పెట్టడానికి దుకాణం మెట్ల దాకా వెళ్లారు. అక్కడ నిలబడి ఇంటికి ఫోన్ చేశారు. ఆవిడ తిట్టలేదు. ‘అన్నం తిన్నారా? షుగర్ మాత్ర ఏసుకున్నారా?’ అని మాత్రం అడిగారు. రెండూ చేయలేదని అప్పుడు గుర్తొచ్చిందట. ఆ సాయంత్రమే బండెక్కేశారు.

జూదం మీద పరిశోధన చేసే ల్యూక్ క్లార్క్ బృందం 2009లో ఇదే విషయం చూపించింది. స్లాట్ మెషీన్లో త్రుటిలో తప్పిపోయినప్పుడు మనిషికి బాధ కలుగుతుంది కానీ, మళ్లీ ఆడాలన్న కోరిక పెరుగుతుంది. గెలిచినప్పుడు స్పందించే మెదడు భాగాలే అప్పుడూ స్పందిస్తాయి. అంటే పూర్తిగా ఓడిపోయినవాడు ఇంటికి పోతాడు, అంచుల దాకా వచ్చినవాడు ఉంగరం తీస్తాడు. రాళ్ల వేటే కాదు, ఆన్‌లైన్ రమ్మీ, షేర్లలో ఆప్షన్ల ట్రేడింగ్... ఏదైనా ఇంతే. మీ ఇంట్లో వెతుకులాట అలవాటున్న మనిషి ‘కొద్దిలో తప్పిపోయింది’ అంటూ వచ్చిన రోజు ఆయన దగ్గర కూర్చోండి. లెక్కలు అడగకండి, ముందు అన్నం పెట్టండి.

వేటా, జబ్బా?

రెండో మనిషి కథ వేరు. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. విజయనగరం జిల్లా నుంచి వచ్చిన చిన్న వ్యాపారి, వయసు అరవైకి దగ్గర. ఎప్పుడూ ఏ సరదా లేని మనిషి. ఉన్నట్టుండి గుప్తనిధుల మాటలు, మెటల్ డిటెక్టర్ కొనడం, అర్ధరాత్రి దాకా రాళ్లూ రేకులూ వరసలు పేర్చడం, తీసి మళ్లీ పేర్చడం. రెండు లక్షల అప్పు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందేమోనని భూతవైద్యుడి దగ్గరికి కూడా తీసుకెళ్లారు. జ్వరమని మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన కుడిచేయి సన్నగా వణకడం చూసి, వేసుకునే మందుల సంచీ అడిగాను. పార్కిన్సన్స్ జబ్బుకి ప్రామిపెక్సోల్ వాడుతున్నారు. కొన్ని నెలల కిందటే డోసు పెరిగింది. పిచ్చి మొదలైందీ ఆ తర్వాతే.

ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు మెదడులో డోపమైన్ చేసే పనినే చేస్తాయి. వణుకు, బిగుతు తగ్గించడానికి మంచి మందులే. కొందరిలో మాత్రం జూదం, అదుపులేని కొనుగోళ్లు, అతి లైంగిక కోరిక, వస్తువుల్ని అదే పనిగా పేర్చడం లాంటివి పుట్టిస్తాయి. కాళ్లు లాగే జబ్బుకి వీటిని రాత్రిపూట వాడేవాళ్లలో కూడా ఇలా జరగొచ్చు. న్యూరాలజిస్టుతో మాట్లాడి మందు మెల్లగా తగ్గించాక ఆయన నెమ్మదించారు. అప్పు మాత్రం ఇంకా తీరుస్తున్నారు. ఇలాంటి మార్పు కనిపిస్తే మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, హఠాత్తుగా ఆపితే వేరే తిప్పలొస్తాయి. డాక్టరుకి చెప్పండి. సిగ్గుపడి దాచేది రోగి కంటే ఎక్కువగా కుటుంబమే.

మందుతో సంబంధం లేకుండా కూడా సరదా జూదంగా మారవచ్చు. పోయిన డబ్బు రాబట్టుకోవడానికి మళ్లీ వెళ్లడం, ఖర్చు దాచడం, వెళ్లని రోజు చిరాకు, విసుగు... ఇవి కనిపిస్తే మానసిక వైద్యుల్ని కలవాలి. టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

మాస్టారి నోటుబుక్కు

ఉంగరం సంగతి జరిగాక మాస్టారు ఒక పని మొదలుపెట్టారు. రెండు వందల పేజీల నోటుబుక్కు. తేదీ, ఊరు, ఏ రైతు చేను, ఎంత వాన పడింది, ఎన్ని గంటలు చూశారు, ఏ రాళ్లు కనిపించాయి. చివరి గడిలో ‘దొరకలేదు’. నాకు చూపించినప్పుడు పేజీ తర్వాత పేజీ అదే మాట. ‘ఇంతసేపు తిరిగి దొరకలేదని రాసుకుంటే నీరసం రాదా మాస్టారూ?’ అన్నాను. ‘రాసుకోకపోతేనే వస్తాది బాబూ. రాస్తే ఆ చేను అయిపోయినట్టు. రేపు పక్క చేనుకి ఎల్తాను’ అన్నారు.

ఆ మాట నాకు మనసులో పడిపోయింది. ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ రోగుల్ని చూసే ఏ డాక్టరుకైనా ఈ ‘దొరకలేదు’ పరిచయమే. నీళ్లు, మట్టి, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం... దశాబ్దాలుగా ఒక్కోదాన్నీ అనుమానించి పరీక్షిస్తూనే ఉన్నారు. ఇదీ కారణం అని తిరుగులేకుండా తేలలేదు. కవిటి, సోంపేట నుంచి వచ్చిన ముప్పై అయిదేళ్ల కుర్రాడు ‘నాకే ఎందుకొచ్చింది సార్’ అని అడిగితే చెప్పడానికి మాట ఉండదు. అయినా జాగ్రత్తగా చూసి ‘ఇది కాదు’ అని రాసిపెట్టిన కాగితం, తర్వాత వెతికేవాడికి ఒక చేను తగ్గిస్తుంది. రాయకుండా వదిలేస్తే వాడూ అక్కడే తిరుగుతాడు.

నోటుబుక్కు వల్ల ఇంకో మేలుంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి ‘వేస్తే బహుమతి ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లలే ఆటవిడుపులో బొమ్మల జోలికి తక్కువగా వెళ్లారు. ఫలం మీదే కన్నుంటే పని రుచి చెడుతుంది. మాస్టారి కన్ను ఇప్పుడు రాళ్ల పేర్ల మీద, వాన లెక్కల మీద, అక్కడ ఏటా కలిసే బళ్లారి స్నేహితుల మీద ఉంది. వజ్రం వాటి వెనకెక్కడో ఉంది.

వెళ్లేవాళ్లకి డాక్టరుగా కొన్ని మాటలు. షుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని, వెతుకులాటలో పడి అన్నం మానేస్తే షుగర్ పడిపోయి చేలోనే కూలిపోతారు. జేబులో బిస్కట్లో బెల్లంముక్కో ఉండాలి. జూన్ ఎండకి వడదెబ్బ తప్పదనుకోండి, ఓఆర్‌ఎస్ దగ్గరుంచుకోండి. మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రలు వాడేవాళ్లు ముందే డాక్టర్ని అడగాలి. చెప్పుల్లేకుండా దిగకండి, షుగర్ పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు. కాలు కదపకుండా 108లో ప్రభుత్వాసుపత్రికి చేరండి, విరుగుడు సూది అక్కడ ఉచితం. ఉరుము వినిపిస్తే చెట్టు కిందికి మాత్రం పరుగెత్తకండి, వానలో అందరూ చేసే తప్పు అదే. ఇక ఆ పొలం ఒక రైతుది. అడిగి దిగాలి, విత్తిన చేను తొక్కకూడదు. అనుమతి లేకుండా తవ్వడం నేరం.

ఒక్కటి నేనే మరిచాను. షుగర్ ఉన్నవాళ్లు ఏటా కళ్లు చూపించుకోవాలని మాస్టారి చీటీ మీద రాస్తూనే ఉన్నాను, వెళ్లారా అని ఎప్పుడూ అడగలేదు. మొన్న చలికాలంలో బల్ల మీద పెట్టిన రాయిని ఆయన తడుముకుని తీసుకుంటుంటే అనుమానమొచ్చి కంటి విభాగానికి పంపాను. రెండు కళ్లలోనూ శుక్లాలు, బాగా ముదిరాయి. ‘ఈ కళ్లతోనా మాస్టారూ వజ్రాలు వెతికారు?’ అంటే, ‘ఎదురెండ అనుకున్నాను బాబూ’ అన్నారు.

నెల తేడాతో రెండు ఆపరేషన్లూ అయ్యాయి. పోయిన వారం దంపతులిద్దరూ వచ్చారు. షుగర్ బాగుంది. జూన్‌కి ఈసారి రెండు టిక్కెట్లు తీశారట. ‘నాను కూడా ఎల్తాను, ఒక్కమాటు చూసొస్తాను’ అన్నారు ఆవిడ. అయితే మాస్టారికి ఇప్పుడు తీరిక లేదు. ఏడేళ్లుగా ఏరుకొచ్చిన రాళ్లన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి. కొత్త కళ్లతో వాటిని మొదట్నుంచీ మళ్లీ చూస్తున్నారు. ఇంకా సగం పెట్టె ఉందట.