సల్సాకు తగిన మిరప

మెక్సికో దేశంలో సల్సా తోడు లేని భోజనం అరుదు. టమాటో, ఉల్లి, మిరపకాయలను అగ్నిపర్వతశిలతో చేసిన మోల్కహేటె అనే రోటిలో నూరి, ఉప్పు చేర్చి దీనిని తయారుచేస్తారు. ఆంధ్రుల రోటిపచ్చడికి ఇది దగ్గరి చుట్టం. మిరపను మొదట సాగులోకి తెచ్చిన దేశాలలో మెక్సికో ఒకటి. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా మిరప భారతదేశానికి చేరింది.

పెరటిలో నాలుగు మొక్కలకే చోటున్నవారు సల్సా కొరకు ఏ రకాన్ని నాటాలి? బాగా కారంగా ఉన్నదైతే చాలునని తోచవచ్చు. కాని చూడవలసినవి మూడు: కారం, కండ, కాపుకు పట్టే కాలం. వీటిలో ఏది మరచినా ఒక పంటకాలం వృథా అవుతుంది.

కారానికి ముఖ్యకారణం కాప్సైసిన్ అనే పదార్థం. దీనిని కొలిచే పద్ధతిని 1912లో అమెరికాకు చెందిన విల్బర్ స్కోవిల్ కనిపెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీటితో, నాలుకకు కారం తెలియనంతవరకు పలుచన చేస్తూ పోవాలి. ఎన్ని రెట్లు పలుచన చేయవలసివచ్చినదో అదే ఆ కాయ కారపు అంకె. నేడు ఈ పనిని పరికరాలతో చేస్తున్నారు. పొబ్లానో రకానికి ఈ అంకె సుమారు 1,000 నుండి 2,000. హాలపేన్యోకు 2,500 నుండి 8,000. సెర్రానోకు 10,000 నుండి 23,000. హబనేరోకు లక్ష నుండి మూడున్నర లక్షలు. ఒకే రకంలో ఇంత తేడా ఎందుకు? నేల, ఎండ, నీటి ఎద్దడి కూడ కారాన్ని మారుస్తాయి గనుక.

ఇక కండ. గుంటూరు మిరప ముఖ్యంగా ఎండబెట్టి పొడి చేయుటకు ఎన్నికైనది. దాని కండ పలుచన, గనుక త్వరగా ఎండుతుంది. సల్సాకు పచ్చికాయ కావాలి. హాలపేన్యో కండ దళసరి. సెర్రానో తోలు మెత్తన, ఒలిచే పని లేదు. పొబ్లానో తోలు మాత్రం గట్టిది. నిప్పుమీద కాల్చి ఒలవాలి.

హాలపేన్యో నారు నాటిన రెండున్నర నెలలకు కోతకు వస్తుంది. హబనేరోకు మూడు నెలలు దాటుతుంది. మంచు కురిసే ప్రాంతాలలో దానిని ఆలస్యంగా నాటితే కాయ పండకముందే మొక్క చనిపోతుంది. అందువలన మొదటిసారి పెంచేవారికి రెండు హాలపేన్యోలు, ఒక సెర్రానో, ఒక పొబ్లానో అనువైనవి.

తీపిమిరప పక్కన కారపుమిరప నాటితే తీపికాయలకు కారం ఎక్కుతుందని కొందరి నమ్మకం. ఇది నిజం కాదు. కాయ గోడ తల్లిమొక్క కణజాలమే. తేనెటీగ తెచ్చిన పుప్పొడి ప్రభావం గింజలోని పిండంలో ఉంటుంది. ఆ గింజలు నాటినప్పుడు మాత్రం తీపిమిరపకు కారపుకాయలు కాయవచ్చు. విత్తనం దాచదలచినవారు మొగ్గలు విచ్చకముందే పలుచని గుడ్డసంచి కట్టి, పిందె పడిన తరువాత విప్పి, ఆ కాయకు గుర్తుగా దారం కట్టాలి. పాఠశాల తోటలో విద్యార్థులు సులభంగా చేయదగిన ప్రయోగం ఇది.

ఒక ఇంటిలో కారం తినేవారు, తినలేనివారు ఇద్దరూ ఉంటారు. వారికొరకు రెండు రకాలు నాటనక్కరలేదు. కాప్సైసిన్ తయారయ్యేది గింజలలో కాదు. అవి అంటిపెట్టుకొనియున్న తెల్లని మెత్తని భాగంలో. దానిని గీకివేస్తే చాలు, అదే హాలపేన్యో పిల్లలకు కూడ పనికివస్తుంది.