మలాశయం వెనుక దాగిన తిత్తి

ఫిస్టులాకు ఆపరేషన్ అవుతుంది. మానదు. మళ్లీ చేస్తారు. కొన్ని నెలలకు అదే చోట మళ్లీ చీము. ఇలా రెండు మూడు సార్లు కోయించుకున్నవారిలో కొద్దిమందికి అసలు ఫిస్టులాయే ఉండదు. మలాశయానికీ, దాని వెనుక ఉండే త్రికాస్థికీ నడుమ ఒక ఇరుకు సందు ఉంది. అందులో పుట్టుకతో వచ్చిన తిత్తి చీము పట్టి, దారి చేసుకుని బయటికి కారుతుంటుంది. తిత్తిని ఉంచి దారిని ఎన్నిసార్లు కోస్తే ఏం లాభం?

తల్లి కడుపులో అయిదో వారంలో పిండానికి చిన్న తోక ఉంటుంది. పేగు కొస ఆ తోకలోకీ సాగుతుంది. ఎనిమిదో వారానికల్లా రెండూ కరిగిపోవాలి. ఆ పేగు కొసలో కాస్త మిగిలిపోతే, అది జిగురు ఊరుస్తూ ఏళ్ల మీద తిత్తి అవుతుంది. దీన్నే టెయిల్‌గట్ సిస్ట్ అంటారు. ఆడవాళ్లలోనే ఎక్కువ, తరచుగా నడివయసులో బయటపడుతుంది. ఈ సందులో వచ్చే అన్ని రకాల గడ్డలూ కలిపినా, పెద్ద ఆసుపత్రిలో చేరే 40,000 మందిలో ఒకరికి కనిపిస్తాయని వైద్యగ్రంథాల లెక్క. అందుకే చాలామంది డాక్టర్లకు ఇది చప్పున తట్టదు.

దాదాపు సగం మందికి ఏ బాధా ఉండదు. మిగతావారికి కూర్చుంటే నొప్పి, నడుం అడుగున బరువు, మలబద్ధకం, విరేచనానికి వెళ్లొచ్చినా ఇంకా మిగిలి ఉన్నట్టు అనిపించడం. ఇవన్నీ మొలలకూ ఉండే లక్షణాలే కనుక మందుల షాపులో పైల్స్ ట్యూబు కొనుక్కుని సరిపెట్టుకుంటారు. సిగ్గుపడి పరీక్ష చేయించుకోరు. డాక్టరు తొడుగు వేసుకుని వేలితో ఒక్క నిమిషం చూస్తే, ఇలాంటి గడ్డల్లో చాలావరకు మలాశయం వెనుక గోడ మీద చేతికి తగులుతాయి. ఆ ఒక్క నిమిషాన్ని దయచేసి వద్దనకండి.

అనుమానం వస్తే ఎంఆర్‌ఐ తీయాలి. తిత్తి ఎంత ఉంది, ఎముకకు అంటుకుందా, వెన్నుపాము పొరలతో సంబంధం ఉందా అన్నది అందులో తేలుతుంది. ఈ చివరిది ప్రాణం మీదికి వచ్చే విషయం. ఎముకలోని రంధ్రం గుండా వెన్నుపాము పొరే బయటికి ఉబ్బి తిత్తిలా కనిపించవచ్చు. దాంట్లో సూది గుచ్చితే మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ పాకుతుంది. మామూలు తిత్తినైనా మలాశయం గుండా సూదితో గుచ్చి చూడటం సాధారణంగా మంచిది కాదు, చీము పట్టే ప్రమాదం ఉంది.

బాధ లేకపోతే వదిలేయవచ్చా అంటే, శరీరం ఆపరేషన్‌కు తట్టుకోగలిగితే తీయించుకోవడమే మేలని ఎక్కువమంది సర్జన్ల మాట. కొన్ని తిత్తుల్లో క్యాన్సర్ పుడుతుంది. తీస్తే పగలకుండా, గోడతో సహా మొత్తం రావాలి. ముక్క మిగిలితే మళ్లీ పెరుగుతుంది.

ఆ మొత్తం తీయడమే కష్టం. ముందు మలాశయం, వెనుక ఎముక, ఎముక మీద రక్తనాళాల వల, పక్కల మూత్రానికీ లైంగిక జీవితానికీ అవసరమైన నరాలు. కటి గిన్నె అడుగుకు పొడవాటి, వంగని ల్యాప్రోస్కోపీ పరికరాలు వెళ్తాయి కానీ అక్కడ తిరగవు. రోబో ఇక్కడే అక్కరకొస్తుంది. పొట్ట మీద సుమారు 8 మిల్లీమీటర్ల గాట్లలోంచి వెళ్లే దాని చేతులకు చివర మణికట్టులా మడత ఉంటుంది. కెమెరా లోతు తెలిసేలా పెద్దది చేసి చూపుతుంది, చేతి వణుకు పరికరానికి చేరదు. అలాగని అది తనంతట తాను ఏదీ కోయదు. పక్కనే కన్సోల్ ముందు కూర్చున్న సర్జన్ వేళ్లు కదిలితేనే కదులుతుంది. మలాశయాన్ని ఎముక నుంచి మెల్లగా ముందుకు విడదీసి, తిత్తిని చుట్టూ ఒలిచి, సంచిలో వేసి బయటికి తీస్తారు. మలాశయానికి చిల్లు పడిందేమోనని గాలి నింపి చూస్తారు.

అందరికీ ఇదే దారి కాదు. తిత్తి బాగా కిందికి, తోక ఎముక దగ్గర ఉంటే వెనుకనుంచి చిన్న కోతతో తీయడమే సులువు. త్రికాస్థిలో మూడో పూసను హద్దుగా పెట్టుకుని సర్జన్లు దారి ఎంచుకుంటూ వచ్చారు. రోబోతో ఖర్చు ఎక్కువ. జబ్బే అరుదు కనుక రోబో ఫలితాల మీద ఉన్నవన్నీ చిన్న చిన్న అధ్యయనాలే. యంత్రం పేరు కన్నా, ఈ సందులో ఎన్ని ఆపరేషన్లు చేశారని సర్జన్‌ను అడగడం ముఖ్యం. బీమా ఉంటే రోబో ఖర్చుకు పరిమితి ఉందేమో ముందే కనుక్కోండి.

ఆపరేషన్ తర్వాత బయాప్సీ రిపోర్టును తప్పకుండా తీసుకోండి. తిత్తి మొత్తం వచ్చిందా, క్యాన్సర్ కణాలు ఉన్నాయా అన్నది అందులోనే ఉంటుంది. మళ్లీ ఎంఆర్‌ఐ ఎప్పుడు తీయాలో దాన్ని బట్టే చెబుతారు.