ఏదీ కుట్టకుండానే పెదవి ఎందుకు వాస్తుంది?

ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గోడ సందులో కందిరీగలు గూడు పెడతాయి. చెయ్యి పెడితే కుడతాయి, వాస్తుంది. సరే. కానీ ఏదీ కుట్టకుండానే, దద్దుర్లూ దురదా లేకుండానే మాటిమాటికీ పెదవో చెయ్యో వాస్తుంటే? అమ్మకూ చిన్నప్పటి నుంచి అంతే అయితే? అది వంశపారంపర్యంగా వచ్చే అరుదైన వాపు జబ్బు కావచ్చు. సుమారు 50,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

పొయ్యి మీద పాలు పొంగబోతుంటే ఎవరో ఒకరు గబుక్కున మంట తగ్గిస్తారు కదా? మన రక్తంలో ఆ పని చేసే ప్రొటీన్ పేరు సి1 ఇన్హిబిటర్. ఈ జబ్బున్న చాలామందిలో అది తక్కువ, లేదా ఉన్నా పనిచేయదు. అప్పుడు బ్రాడికినిన్ అనే పదార్థం ఎక్కువై, సన్నటి రక్తనాళాల గోడలు వదులవుతాయి. నీరు బయటికి ఊరి చర్మం కింద చేరుతుంది. పేగుల గోడల్లో చేరితే భరించలేని నొప్పి. అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్ చేసేసిన సందర్భాలూ ఉన్నాయి, పాపం!

ఈ సి1 ఇన్హిబిటర్ లోపాన్ని 1963లో కనిపెట్టారు. అనుమానం వస్తే డాక్టర్లు రక్తంలో సి4 అనే ఇంకో ప్రొటీన్‌ను కొలుస్తారు. అది తగ్గితే సి1 ఇన్హిబిటర్ సంగతి చూస్తారు. మామూలు అలర్జీ మాత్రలు దీనికి పనిచేయవు. లోపించిన ప్రొటీన్‌నే నరంలోకి ఎక్కిస్తారు, లేదా బ్రాడికినిన్‌ను అడ్డుకునే ఇకాటిబాంట్ ఇంజెక్షన్ ఇస్తారు. అవి దొరకని చోట దాతల ప్లాస్మా ఎక్కిస్తారు. గొంతు వాస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు, ఆసుపత్రికి పరుగే.