అస్వస్థతకు గురైన చిన్న కుక్కలలో నీటి, పోషక యాజమాన్యం

"లంఖణం పరమౌషధం" అన్న నానుడిని మనుషులకే కాక పెంపుడు జంతువులకు కూడా వర్తింపజేయడం మన ఇళ్లలో పరిపాటి. వాంతులు, విరేచనాలు మొదలైన కుక్కను ఒకటి రెండు రోజులు అన్నపానీయాలు లేకుండా కట్టి ఉంచితే అదే కోలుకుంటుందన్న నమ్మకం గ్రామాలలోనూ, పట్టణాలలోనూ ఉంది. పొలం కాపలాకు ఉంచుకొనే పెద్ద కుక్క కొన్నిసార్లు ఈ ఉపవాసాన్ని తట్టుకోగలదు. రెండు మూడు కిలోల బరువుండే పామరేనియన్ గాని, ఏ జాతికి చెందినదైనా రెండు నెలల పిల్ల గాని తట్టుకోలేదు.

వ్యాధిని నిర్ధారించి చికిత్స చేయడం పశువైద్యుని పని. వైద్యుని వద్దకు చేరేలోపు, చికిత్స తరువాత ఇంటి వద్ద ఎంత నీరు, ఎంత ఆహారం, ఎంత వ్యవధిలో ఇవ్వాలన్నది మాత్రం లెక్కకు అందే విషయం. పైరుకు నీటి తడులను, ఎరువుల మోతాదును నిర్ణయించేటప్పుడు మనం పాటించే సూత్రాలే ఇక్కడ కూడా ఉపకరిస్తాయి.

శరీర పరిమాణం – అవసరం

జంతువు చిన్నదైన కొద్దీ కిలో బరువుకు అది ఖర్చు చేసే శక్తి అధికమవుతుంది. ఈ సంబంధాన్ని మాక్స్ క్లైబర్ 1932లో కాలిఫోర్నియా వ్యవసాయ పరిశోధన పత్రిక 'హిల్గార్డియా'లో వివరించారు. విశ్రాంతి స్థితిలో శక్తి వినియోగం శరీర బరువుతో సమంగా కాక, బరువు యొక్క సుమారు నాలుగింట మూడవ ఘాతంతో పెరుగుతుందన్నది దాని సారాంశం. దీనిని అనుసరించి లెక్కిస్తే 30 కిలోల కుక్కకు రోజుకు దాదాపు 900 కిలో కేలరీలు, అనగా కిలోకు 30 అవసరం. 3 కిలోల కుక్కకు 160 కిలో కేలరీలు, అనగా కిలోకు 53 అవసరం. నీటి అవసరం కూడా స్థూలంగా ఇదే నిష్పత్తిలో ఉంటుంది. ఒక కిలో కేలరీకి ఒక మిల్లీలీటరు చొప్పున లెక్కించవచ్చు.

అవసరం ఎక్కువ, నిల్వ తక్కువ. తేలిక నేలలో వేసిన పైరు నాలుగు రోజుల బెట్టకే వాడిపోయినట్లు, చిన్న కుక్క కొద్ది గంటలలోనే నీరసిస్తుంది. చిన్న పిల్లల కాలేయంలో చక్కెర నిల్వలు స్వల్పం కనుక, ఆహారం లేకపోతే రక్తంలో గ్లూకోజు పడిపోయి తూలడం, వణకడం, స్పృహ తప్పడం జరుగుతుంది. అటువంటప్పుడు గ్లూకోజు నీటిని గాని, తేనెను గాని వేలితో చిగుళ్లపై రాసి వెంటనే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాలి.

నీటి లోటును అంచనా వేయడం

పైరు వాడుకొనే నీటిని కొలవడానికి లైసీమీటరులో మట్టి తొట్టిని తూచినట్లే, కుక్కను తూచడం ద్వారా నీటి నష్టాన్ని తెలుసుకోవచ్చు. ఒకటి రెండు రోజులలో తగ్గిన బరువులో అధిక భాగం నీరే. చిన్న కుక్కను బుట్టలో ఉంచి ఎలక్ట్రానిక్ కాటాపై ఉదయం, సాయంత్రం తూచి, బుట్ట బరువు తీసివేసి వ్రాసుకోవాలి. 3 కిలోల కుక్క 150 గ్రాములు తగ్గితే అది 5 శాతం లోటు.

లోటు 5 శాతం లోపు ఉన్నప్పుడు బాహ్య లక్షణాలు దాదాపు కనిపించవు. 6–8 శాతానికి చేరినప్పుడు చిగుళ్లు తడి ఆరి వేలికి అంటుకుంటాయి. భుజాల మధ్య చర్మాన్ని పైకి లాగి వదిలితే నెమ్మదిగా సర్దుకుంటుంది. 10–12 శాతానికి కళ్లు లోపలికి పోతాయి, పాదాలు చల్లబడతాయి, నాడి బలహీనమవుతుంది. 5 శాతం దాటిన లోటును ఇంటి వద్ద నోటి ద్వారా పూరించే ప్రయత్నం చేయరాదు. సిర ద్వారా గాని, చర్మం క్రింద గాని ద్రవాలు ఎక్కించవలసిన అవసరాన్ని వైద్యుడే నిర్ణయించాలి.

ఎటువంటి ద్రవం?

విరేచనాలలో నీటితో పాటు సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్ లవణాలు కూడా పోతాయి. అందువలన మంచినీరు మాత్రమే చాలదు. చిన్న ప్రేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా లోనికి ప్రవేశిస్తాయి, వాటి వెంట నీరు వెళుతుంది. మానవ వైద్యంలో నోటి ద్వారా ఇచ్చే పునర్జలీకరణ ద్రావణానికి ఇదే ఆధారం. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన సూత్రం ప్రకారం ఒక లీటరు నీటిలో ఉప్పు 2.6 గ్రా., గ్లూకోజు 13.5 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రా., ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రా. ఉంటాయి. పశువైద్యుని సలహాపై ఈ ఓఆర్ఎస్‌ను కుక్కలకు కూడా వాడవచ్చు.

ఇక్కడ గాఢత ముఖ్యం. లీటరు నీటికి ఉద్దేశించిన పొట్లాన్ని ఒక గ్లాసులో కలిపితే, ఎరువు మోతాదు మించి వేసినప్పుడు వేరులోని నీరు మట్టిలోకి పోయినట్లే, శరీరంలోని నీరు ప్రేగులోకి లాగబడి విరేచనాలు అధికమవుతాయి. చిక్కని పంచదార నీటితో కూడా ఇదే ప్రమాదం. కొబ్బరి నీటిలో పొటాషియం అధికం, సోడియం స్వల్పం కనుక అది ఓఆర్ఎస్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఎదిగిన కుక్కలలో పాల చక్కెరను జీర్ణం చేసే శక్తి తగ్గుతుంది కనుక పాలు ఇవ్వరాదు. జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు విషం. అది కలిసిన పానీయాలను దగ్గరకు రానీయకూడదు.

ఎంత, ఏ విధంగా?

3 కిలోల కుక్కకు 4 శాతం లోటు ఉన్నదనుకొందాం. రోజువారీ అవసరం 160 మి.లీ., లోటు 120 మి.లీ., ఆ రోజు వాంతి, విరేచనాల ద్వారా పోయేది సుమారు 40 మి.లీ. వెరసి 320 మి.లీ. దీనిని ఒకేసారి పోస్తే కడుపు సాగి తిరిగి వాంతి అవుతుంది. అదే ద్రవాన్ని పావుగంటకు 5 మి.లీ., అనగా ఒక చెంచా చొప్పున ఇస్తే 16 గంటలలో పూర్తవుతుంది. పారుదలకు, బిందు సేద్యానికి ఉన్న వ్యత్యాసం వంటిదే ఇది.

వాంతి అయిన తరువాత ఒకటి రెండు గంటలు విరామమిచ్చి, 1–2 మి.లీ.తో ఆరంభించి, అది నిలిస్తే క్రమంగా పెంచాలి. తనంతట తాను నాకని కుక్కకు సూది తీసివేసిన సిరంజితో పెదవి ప్రక్కన, బుగ్గ సంచిలోకి కొద్దికొద్దిగా వదలాలి. తలను పైకెత్తి గొంతులో పోయరాదు. మగతగా ఉన్నప్పుడు, మింగలేనప్పుడు నోటిలో ఏమీ పోయకూడదు. ఊపిరితిత్తులలోకి చేరిన ద్రవం న్యుమోనియాకు దారితీస్తుంది.

ఆహారం ఎప్పుడు?

ప్రేగు లోపలి కణాలు తమ పోషణలో కొంత భాగాన్ని ప్రేగులోని ఆహారం నుండే నేరుగా గ్రహిస్తాయి. సుదీర్ఘ ఉపవాసంలో ఆ పొర పలుచబడి, బ్యాక్టీరియా రక్తంలోకి చేరే అవకాశం పెరుగుతుంది. పార్వో వైరస్ సోకిన 30 కుక్కపిల్లలపై జరిపి 2003లో ప్రచురించిన పరిశోధనలో, వాంతులు ఆగేవరకు ఆహారం ఆపిన వాటికంటే, చికిత్స మొదలైన 12 గంటల నుండి గొట్టం ద్వారా ఆహారం అందుకున్నవి త్వరగా కోలుకొని బరువు పెరిగాయి. ఎదిగిన కుక్కకు కొన్ని గంటలు ఆహారం ఆపడంలో దోషం లేదు. చిన్న పిల్లల విషయంలో ఆ విరామాన్ని కూడా వైద్యుని అడిగి నిర్ణయించాలి.

ద్రవం నిలిచిన తరువాత మెత్తగా వండిన అన్నం రెండు పాళ్లు, చర్మం, ఎముక తీసి ఉడికించిన కోడిమాంసం ఒక పాలు కలిపి ఇవ్వవచ్చు. నూనె, కారం, ఉల్లి, వెల్లుల్లి చేర్చరాదు. 3 కిలోల కుక్కకు కావలసిన 160 కిలో కేలరీలు ఇటువంటి మిశ్రమం సుమారు 120 గ్రాములలో లభిస్తాయి. మొదటి రోజు అందులో నాలుగవ వంతు, అనగా 30 గ్రాములు ఆరు విడతలుగా ఇవ్వాలి. ఒక్కొక్క విడతకు చెంచాడు మాత్రమే. తరువాతి రోజులలో సగం, ముప్పాతిక, పూర్తి మోతాదు. ఎదిగే పిల్లలకు కోలుకొన్న తరువాత ఇంతకు రెండు మూడింతలు అవసరం. ఈ ఆహారంలో కాల్షియం వంటి ఖనిజాలు చాలవు కనుక మూడు నాలుగు రోజులలో యథా ఆహారానికి మారాలి.

ఇంటి చికిత్స పనికిరాని సందర్భాలు

రక్తంతో కూడిన విరేచనాలు, ఆగని వాంతులు, ఉబ్బిన పొట్ట, తెల్లబడిన చిగుళ్లు కనిపించినా, టీకాలు పూర్తికాని పిల్ల అస్వస్థతకు గురైనా ఆలస్యం చేయరాదు. మనుషుల నొప్పి మాత్రలు, విరేచనాల మాత్రలు వేయరాదు.

వ్యవసాయ కుటుంబాలు ప్రత్యేకించి గుర్తించవలసినది పురుగుమందుల ప్రభావం. విపరీతంగా చొంగ కారడం, కంటిపాప కుంచించుకొనిపోవడం, కండరాలు అదరడం ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందుల లక్షణాలు. వీటికి అట్రోపిన్ వంటి విరుగుడు అవసరం. ఓఆర్ఎస్ ఏ మాత్రం ఉపకరించదు. ఎలుకల ఎరలో వాడే జింక్ ఫాస్ఫైడ్ జఠరామ్లంతో కలిసి ఫాస్ఫీన్ విషవాయువును విడుదల చేస్తుంది. ఆహారం పెడితే ఆమ్లం ఊరి ఆ చర్య తీవ్రమవుతుంది కనుక, ఎలుకల మందు తిన్నదన్న అనుమానం ఉంటే ఏమీ పెట్టకుండా, మందు డబ్బాను లేదా దాని చీటీని వెంట తీసుకొని వైద్యుని వద్దకు వెళ్లాలి.

ముగింపు

అస్వస్థతకు గురైన చిన్న కుక్క యజమాని వద్ద ఉండవలసినవి కాటా, చెంచా, గడియారం, ఒక కాగితం. ఎప్పుడు ఎంత ఇచ్చినదీ, ఎన్నిసార్లు వాంతి, విరేచనం, మూత్రం అయినదీ, బరువు ఎంత ఉన్నదీ ఆ కాగితంపై వ్రాసి ఉంచితే పశువైద్యునికి అది విలువైన సమాచారమవుతుంది. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి పదహారు వారాల వరకు గడువు తప్పకుండా వేయిస్తే, ఈ లెక్కలు వేయవలసిన అవసరమే చాలా వరకు తగ్గుతుంది.